పరమకుడి ప్లీడరుగారు

జాతీయ చలనచిత్ర పురస్కారాల జాబితా తీసి మూడేళ్లు వరసగా చూడండి. 1985 సినిమాలకు ఇచ్చిన 33వ పురస్కారాల్లో ఉత్తమ నటి సుహాసిని, ‘సింధుభైరవి’కి. 1986 సినిమాలకు ఇచ్చిన 34వ పురస్కారాల్లో ఉత్తమ నటుడు చారుహాసన్, ‘తబరన కథె’ అనే కన్నడ చిత్రానికి. ఆ మరుసటి ఏడు, 35వ పురస్కారాల్లో ఉత్తమ నటుడు కమల్ హాసన్, ‘నాయకన్’కి. మనం ‘నాయకుడు’ పేరుతో చూసిన సినిమా అదే. కూతురు, తండ్రి, ఆ తండ్రికి తమ్ముడు. మూడేళ్లూ పురస్కారం ఒకే ఇంటికి వెళ్లింది. మొదటి పేరూ మూడో పేరూ తెలుగునాట ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. నడిమి పేరు దగ్గరే ఆగిపోతారు. గుర్తున్నవాళ్లు కూడా ‘కమల్ వాళ్ల అన్నగారు కదూ’ అనో, ‘సుహాసిని నాన్నగారు’ అనో అంటారు. ఆ నడిమి మనిషి గురించి రాయాలని నాకు చాలా ఏళ్లుగా ఉంది.

నాది అనంతపురం జిల్లా, కన్నడ సరిహద్దు. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం. ఉద్యోగమంతా ట్రెజరీలో, అందులోనూ ఎక్కువ కాలం పింఛన్ల సెక్షన్లో గడిచింది. ‘తబరన కథె’ పింఛను కోసం తిరిగిన ఒక బంట్రోతు కథ. అందుకే ఆ సినిమా గురించీ, అందులో తబరగా వేసిన ఆయన గురించీ నాకు చెప్పాల్సింది కొంత ఉంది.

1986 అంటే తెలుగువాళ్లకు ‘స్వాతిముత్యం’ వచ్చిన ఏడు. అదే 34వ పురస్కారాల్లో తెలుగులో ఉత్తమ చిత్రంగా దానికే బహుమతి వచ్చింది. శివయ్యగా కమల్ వేషం చూసి కళ్లు తుడుచుకోని ఇల్లు లేదు. ఉత్తమ నటుడి పురస్కారం ఆయనకు రాలేదని తెలిసినప్పుడు మా ఊళ్లో కమల్ అభిమానులు బాగా నొచ్చుకున్నారు. మరి ఎవరికిచ్చారని ఆరా తీస్తే వచ్చిన జవాబు, వాళ్ల అన్నకే అని. సినిమా చూడకముందు చాలామందికి అది ఏదో వింత వార్తగా తోచింది. చూశాక ఎవరికీ నోరు పెగల్లేదు.

చారుహాసన్ పుట్టింది 1931లో, తమిళనాడులో రామనాథపురం వైపు ఉన్న పరమకుడి ఊళ్లో. వైగై నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. తండ్రి డి. శ్రీనివాసన్ వకీలు, స్వాతంత్ర్యోద్యమంలో తిరిగిన మనిషి. తల్లి రాజలక్ష్మి. చారుహాసన్ పెద్దకొడుకు, తరువాత చంద్రహాసన్, నళిని, అందరికన్నా చివర 1954 నవంబరులో కమల్. పెద్దవాడికీ చిన్నవాడికీ దాదాపు ఇరవై నాలుగేళ్ల తేడా! కమల్ పుట్టేనాటికి పెద్దన్న చదువు ముగించి తండ్రి వృత్తిలోకి వచ్చేశారు. ఆ ఇంట్లో అన్న దాదాపు తండ్రి లెక్కే. సుహాసిని 1961లో అక్కడే పుట్టింది. బాబాయికీ అమ్మాయికీ ఏడేళ్ల తేడా కూడా లేదు. వాళ్లిద్దరూ ఒక తరం పిల్లలు, చారుహాసన్ వాళ్లకు ముందు తరం.

1960లో ‘కళత్తూర్ కణ్ణమ్మ’తో ఆరేళ్లు నిండని కమల్ తెర మీదికి వచ్చి రాష్ట్రపతి బంగారు పతకం తీసుకున్నాడు. అప్పుడు అన్న కోర్టులో వాదిస్తున్నారు. 1970లలో తమ్ముడు బాలచందర్ సినిమాల్లో ఎదిగి, 1978లో ‘మరో చరిత్ర’తో ఆంధ్రదేశాన్ని ఊపేశాడు. అప్పుడూ అన్న నల్లకోటులోనే ఉన్నారు. ఇంట్లో అంత పెద్ద నటుడు ఉంటే, అతని పేరు చెప్పుకుని ఏదో ఒక వేషం సంపాదించాలని పాతికేళ్ల వయసులోనే మద్రాసు రైలెక్కే అన్నదమ్ములను ఏ భాషా సినిమాలోనైనా చూస్తాం. ఈయన కెమెరా ముందుకు వచ్చింది నలభై ఎనిమిదో ఏట. అంతవరకూ తన పని తాను చేసుకున్నారు. నా దృష్టిలో ఆయన నటనకు పునాది పడింది ఆ ఏళ్లలోనే.

చిన్న ఊరి కోర్టు ఆవరణ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు తెలుసు. పొద్దున్నే వచ్చి చెట్టు కింద కూర్చునేవాళ్లు, ‘ఈరోజైనా పిలుస్తారా’ అని గుమాస్తాను అడిగేవాళ్లు, వాయిదా పడిందంటే కోపం కూడా రానివాళ్లు. వాళ్ల మాట వినడమే ప్లీడరు పని. ఎవరు నిజం చెబుతున్నారు, ఎవరు భయంతో అబద్ధం చెబుతున్నారు, ఎవరికి చెప్పుకోవడం రావడం లేదు అన్నది ముఖం చూసి పోల్చుకోవాలి. అలాంటి ముఖాలను ఏళ్ల తరబడి దగ్గరగా చూసిన మనిషిని తీసుకొచ్చి కెమెరా ముందు నిలబెడితే ఏం జరుగుతుందో 1979లో దర్శకుడు మహేంద్రన్ చూపించారు.

ఆ సినిమా ‘ఉదిరిప్పూక్కళ్’. పుదుమైపిత్తన్ రాసిన కథ ఆధారం, ఇళయరాజా సంగీతం, అశోక్ కుమార్ ఛాయాగ్రహణం. ఊళ్లో పెద్దమనిషిగా చలామణి అయ్యే ఒక కర్కోటకుడు, జబ్బుతో కృశించిపోతున్న అతని భార్య, ఆమె చెల్లెలి మీద పడిన అతని కన్ను. ఆ ఆడపిల్లల తండ్రి చారుహాసన్. అల్లుడి ఇంట్లో కూతురు నరకం పడుతోందని తెలుసు. గట్టిగా అడిగితే కూతురికే కష్టమనీ తెలుసు. మన పల్లెల్లో ఇలాంటి తండ్రులు కోకొల్లలు. ఆ వేషంలో ఆయన ఏడవరు, అరవరు. తక్కువ మాటలతో సినిమా తీయడం మహేంద్రన్ పద్ధతి. మాటలు లేనప్పుడు ఏం చేయాలో తోచక చేతులు తిప్పే నటులు చాలామంది. ఈయన ఊరికే నిలబడగలిగారు. మొదటి సినిమాలోనే అది రావడం చిన్న సంగతి కాదు.

సుహాసిని వచ్చింది కూడా ఈ దారినే. మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కెమెరా చదివి, అశోక్ కుమార్ దగ్గర సహాయకురాలిగా పనిచేస్తుండగా, 1980లో అదే మహేంద్రన్ ‘నెంజత్తై కిళ్ళాదే’లో ఆమెను నాయికను చేశారు. అంటే ఆ ఇంట్లో కూతురి కన్నా తండ్రి ఒక ఏడాది ముందే తెర మీద కనిపించారు. 1982లో ఆయనే ‘పుదియ సంగమం’ అనే సినిమాకు దర్శకత్వం వహించి, ప్రభు పక్కన కూతుర్ని నటింపజేశారు. అదే ఏడు వంశీ ‘మంచు పల్లకి’తో సుహాసిని మన తెలుగింటి పిల్ల అయిపోయింది.

ఇక తబర దగ్గరికి వస్తాను. ఆయన జీవితంలో ఇదే అసలు ఘట్టం.

కథ పూర్ణచంద్ర తేజస్విది. కువెంపు కుమారుడు, మలెనాడు అడవుల్లో కాఫీ తోట చేసుకుంటూ రాసిన గొప్ప రచయిత. దర్శకుడు గిరీశ్ కాసరవళ్లి. దేశంలో ఉత్తమ చిత్రానికి ఇచ్చే స్వర్ణకమలం ఆయన సినిమాలకు నాలుగుసార్లు వచ్చింది. ‘ఘటశ్రాద్ధ’, ‘తబరన కథె’, ‘తాయి సాహెబ’, ఆఖరుది ‘ద్వీప’. ‘ద్వీప’ను నిర్మించి, అందులో నాయికగా వేసింది మన సౌందర్యే. ‘తబరన కథె’కు సంగీతం ఎల్. వైద్యనాథన్. ‘పుష్పక విమానం’లో మాటల్లేని చోటంతా వినిపించింది ఆయన సంగీతమే.

తబర శెట్టి ఒక బిళ్ల బంట్రోతు. తెల్లదొరల కాలంలో కొలువులో చేరినవాడు. స్వతంత్రం వచ్చినా, దొరలు మారినా, సర్కారు మీద అతని నమ్మకం మారదు. ప్రభుత్వం అంటే తప్పు చేయనిది, మాట తప్పనిది అని అతని విశ్వాసం. కాఫీ పండించేవాళ్ల దగ్గర పన్ను వసూలు చేసే పని అతనికి అప్పగిస్తారు. చేతకాని పని అది. డబ్బున్నవాళ్లు కట్టరు, అతను గట్టిగా అడగలేడు. ఆ లెక్కలు చివరికి అతని మెడకే చుట్టుకుంటాయి. ఉద్యోగ విరమణ అయ్యాక పింఛను కాగితాలు కదలవు. ఇంట్లో భార్య అప్పికి చక్కెర వ్యాధి. కాలికి అయిన పుండు మానదు, కుళ్లడం మొదలవుతుంది. కాలు తీసేయాలంటారు. దానికి డబ్బు కావాలి. డబ్బు పింఛనులో ఉంది. పింఛను ఫైలులో ఉంది. ఒక దశలో తబర మాంసం కొట్టువాడి దగ్గరికి వెళ్లి, నా భార్య కాలు నరికిపెట్టమని అడుగుతాడు. పింఛను అందకముందే ఆమె చనిపోతుంది. తబరకు మతి చలిస్తుంది.

ఈ సినిమాను నేను మొదట దూరదర్శన్‌లో చూశాను, ఆదివారం మధ్యాహ్నాలు ప్రాంతీయ భాషా చిత్రాలు వేసే రోజుల్లో. అప్పటికే సర్వీసులో కొంతకాలం అయింది. చూసిన తరువాత సోమవారం నా కుర్చీలో కూర్చోవడం కష్టమైంది.

పింఛను కాగితం ఎలా నడుస్తుందో చెబితే తప్ప ఆ నటన విలువ అర్థం కాదు. ఒక అటెండరు రిటైరయ్యాడనుకోండి. అతని సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ నుంచి సరిచూడాలి. మధ్యలో ఎక్కడైనా ఒక ఏడాది వెరిఫికేషన్ సంతకం లేకపోతే, ఆ ఏడు పనిచేసిన ఆఫీసుకు రాయాలి. అప్పులు, అడ్వాన్సులు ఏమీ బాకీ లేవని ధ్రువపత్రం తేవాలి. ఆఖరి జీతం ఎంతో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి. అదంతా అకౌంటెంట్ జనరల్ ఆఫీసుకు వెళ్లి, అక్కడ మంజూరై, పీపీవో అనే ఉత్తర్వు తయారై, అది ట్రెజరీకి చేరితే అప్పుడు చేతికి డబ్బు. ఈ గొలుసులో ఏ ఒక్క కడియం దగ్గర ఆగినా మనిషి ఆగిపోతాడు. ఆపినవాడు దుర్మార్గుడు కానక్కర్లేదు. అతని బల్ల మీద అలాంటివి ఇంకా చాలా ఉంటాయి, రూలు ప్రకారం ఒక కొర్రీ వేసి పక్కన పెడతాడు, అంతే. కాసరవళ్లి సినిమాలో నాకు నచ్చింది ఇదే. విలన్ లేడు. ప్రతి గుమాస్తా తన పని తాను చేస్తున్నాననే అనుకుంటాడు.

అటువైపు నిలబడేవాళ్లను నేను ఏళ్ల తరబడి చూశాను. ఆఫీసరుగా రిటైరైనవాళ్లు లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటారు. బంట్రోతుగా రిటైరైనవాడు కిటికీ దగ్గరే నిలబడతాడు, నిన్నటిదాకా తాను కాపలా కాసిన ఆఫీసులాంటి ఆఫీసులోకే అడుగు పెట్టడానికి సందేహిస్తాడు. మన తలకాయ పైకి లేచేదాకా మాట్లాడడు. కాగితం ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇస్తాడు. ‘రేపు రా’ అంటే బాధపడడు, రేపు వస్తే పనవుతుందని నిజంగా నమ్ముతాడు. ఆ నమ్మకం చూడటమే చాలా కష్టం. ఒక నటుడు దాన్ని పట్టుకోవాలంటే జాలి పుట్టించాలనే ఆలోచన మొదట వదిలేయాలి. జాలి కోసం వేస్తే తబర బిచ్చగాడిలా కనిపిస్తాడు. చారుహాసన్ తబర బిచ్చగాడు కాడు, సర్కారు కొలువు చేసిన మనిషి. ఆ మర్యాద అతని ఒంట్లో చివరిదాకా ఉంటుంది. అడుగుతున్నది తన సొమ్మే, అయినా అడిగేటప్పుడు ఏదో తప్పు చేసినవాడిలా ఒదిగిపోతాడు. ఆ ఒదుగు కృత్రిమంగా ఉంటే నాలాంటివాడికి చిటికెలో దొరికిపోతుంది. దొరకలేదు.

అంతకన్నా కష్టమైనది ఆ మాంసం కొట్టు సన్నివేశం. చదివితే ఇది ఎక్కడైనా జరుగుతుందా అనిపిస్తుంది. తెర మీద అది తబరకు సహజంగా తోచిన పరిష్కారంలా ఉంటుంది. డాక్టరు కోయాలన్నాడు, డాక్టరుకు డబ్బులేదు, కోసేవాడు ఇంకొకడున్నాడు. ఇంతే అతని లెక్క. ఆ ముఖంలో పిచ్చి అప్పటికింకా లేదు, లెక్క ఉంది. పిచ్చి తరువాత వస్తుంది. ఈ వరస తప్పకుండా నడపడంలోనే నటుడి తెలివి ఉంది. యాభై అయిదేళ్ల వయసులో, నటనకు వచ్చి పదేళ్లు కూడా కాని మనిషి, తనది కాని భాషా చిత్రంలో ఇది చేశారు.

కమల్ గొప్ప నటుడు, నాకూ ఎంతో ఇష్టం. ‘సాగర సంగమం’లో బావి గట్టు మీద తాగి ఆడే ఆ నాట్యం ఇంకొకరి వల్ల అయ్యేది కాదు. కానీ కమల్ వేషం కట్టినప్పుడు వేషం వెనక ఒక మహానటుడు శ్రమిస్తున్నాడని మనకు తెలుస్తూనే ఉంటుంది. తెలియాలి కూడా, ఆ ఆనందం వేరు. అన్న విషయంలో ఆ ఎరుక ఉండదు. చూసినంతసేపు తబర తప్ప ఎవరూ లేరు. తారగా బతికినవాళ్లకు ఇది దాదాపు అసాధ్యం. వాళ్ల ముఖం మనకు ముందే తెలుసు. నలభై ఎనిమిదేళ్లు ఎవరికీ తెలియకుండా ఉండటం చారుహాసన్‌కు ఇచ్చిన బలం అదే అని నేను గట్టిగా నమ్ముతాను.

తేజస్వి కథలోని మరో మనిషిని కూడా ఆయనే వేశారు. సదానంద సువర్ణ తీసిన ‘కుబి మత్తు ఇయాల’లో డాక్టరు కుబి. మలెనాడులో ఒక మారుమూల పల్లెకు వచ్చిన హేతువాది డాక్టరు, ఇయాల అనే పిల్ల చావు వెనక ఏం జరిగిందో తేల్చుకోవాలనుకుంటాడు. తబర నమ్మకంతో చెడినవాడు, కుబి ఏదీ ఊరికే నమ్మనివాడు. చారుహాసన్ స్వయంగా నాస్తికుడు, ఆ మాట దాచుకున్నది ఎప్పుడూ లేదు. కాబట్టి రెండోది ఆయన స్వభావానికి దగ్గర. మొదటిది పూర్తిగా పరాయి మనిషి. రెండూ చూస్తే ఆయన పరిధి తెలుస్తుంది.

తమిళంలో ఆయనకు ఎక్కువగా దొరికినవి పెద్దమనిషి వేషాలు. 1986 ‘విక్రమ్’లో గూఢచారి కమల్‌కు పై అధికారి. ఇంట్లో అన్నగారు, తెర మీద బాసు. 1987లో భారతీరాజా ‘వేదం పుదిదు’లో నీలకంఠ శాస్త్రిగా వేశారు. కులం గురించి తమిళ సినిమా గట్టిగా అడిగిన ప్రశ్నల్లో ఆ సినిమా ఒకటి. ఆయన కూతురుగా అమల, ఇప్పటి మన అక్కినేని అమల. నాస్తికుడు శాస్త్రిగా వేస్తే వెక్కిరింపు దొర్లిపోయే ప్రమాదం ఉంది. ఆయన ఆ నిష్ఠకు ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చే వేశారు.

తెలుగువాళ్లలో ఎక్కువమంది ఆయన్ని చూసింది బహుశా 1991 ‘దళపతి’లో. రజనీకాంత్ సూర్య, శోభన సుబ్బలక్ష్మి. తల్లిదండ్రులెవరో తెలియనివాడికి, కొట్లాటలతో బతికేవాడికి మా పిల్లనివ్వం అనే సుబ్బలక్ష్మి తండ్రి చారుహాసన్. దర్శకుడు మణిరత్నం. 1988లో సుహాసినిని పెళ్లి చేసుకుని అప్పటికే ఆయనకు అల్లుడు. ఆ తండ్రి వేషం చాలా చిన్నది. కానీ ఒకసారి మళ్లీ చూడండి, అతన్ని అసహ్యించుకోలేరు. కూతురి కోసం భయపడే మనిషిలాగే ఉంటాడు.

రెండో అన్న చంద్రహాసన్ గురించి ఒక మాట. ఆయనా వకీలే. కమల్ నిర్మాణ సంస్థ రాజ్‌కమల్ వ్యవహారాలు చాలాకాలం చూసుకున్నది ఆయనే, అప్పుడప్పుడూ తెర మీద కనిపించారు కూడా. 2017లో లండన్‌లో, కూతురు నటి అనూ హాసన్ ఇంట కన్నుమూశారు. ఇద్దరు వకీళ్లూ, ఒక తారా. ఆ ఇంటి గురించి రాసేవాళ్లు ఈ లెక్కను తిరగేసి, ఒక తారా, అతని అన్నలూ అని రాస్తారు.

చారుహాసన్‌కు కథానాయకుడి వేషం మళ్లీ 2019లో దొరికింది. విజయ్ శ్రీ దర్శకత్వంలో ‘దాదా 87’, వయసు మళ్లిన ఒక దాదా కథ. ఆయన సరసన వేసింది కీర్తి సురేశ్ బామ్మగారు సరోజ. ఎనభై ఎనిమిదేళ్ల వయసులో! సినిమాగా అది తబర పక్కన నిలవదు. ఆ వయసులో ఆయన నిటారుగా నడిచి వచ్చే తీరు మాత్రం చూడదగ్గది.

ఆయన్ని తెలుసుకోవాలనుకునేవాళ్లు ‘దళపతి’తో మొదలుపెట్టవచ్చు, అది సులువుగా దొరుకుతుంది. ఆ తరువాత ‘ఉదిరిప్పూక్కళ్’ చూడండి. ‘తబరన కథె’కు కన్నడం రాకపోయినా ఇబ్బంది లేదు. ఆఫీసు కిటికీ దగ్గర ఎప్పుడైనా నిలబడినవాళ్లకు అందులో సగం మాటలు ముందే తెలుసు.